20 వేల ఏళ్ల కిందటి మంచు మందం ఎలా తెలిసింది? ఇప్పటి అంటార్కిటికా లెక్కకు దానితో పనేంటి?

మీరు అడిగినవి మూడు. 20 వేల ఏళ్ల కిందట కెనడా మీద మూడు కిలోమీటర్ల మందాన మంచు ఉండేదని అంత ధీమాగా ఎలా రాస్తారు? అంటార్కిటికా ఏటా వేల కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటోందన్న అంకెలు కొలిచినవా, కంప్యూటర్ మోడల్ చెప్పినవా? మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఈ రంగంలో చోటుందా? చాలా ఏళ్లుగా నా పని ఈ మోడళ్లతోనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మొదటి రెండు ప్రశ్నలను మీరు విడివిడిగా అడిగారు, కానీ నా దృష్టిలో అవి ఒకటే ప్రశ్న. ఈనాటి మంచును తూకం వేయాలంటే ఆనాటి మంచు ఎంతుండేదో తెలియాలి. ఎందుకో చెప్పడానికే ఈ సమాధానంలో ఎక్కువ భాగం పోతుంది.

మంచు ఎంత దూరం పరుచుకుందన్నది కనిపెట్టడం కొంత సులువు. కదిలే మంచు తన కింద రాళ్లను ఈడ్చుకుంటూ పోతుంది. అడుగు రాతి మీద సమాంతరంగా గీతలు పడతాయి. మంచు ఆగిన చోట మట్టి, రాళ్లు గుట్టలుగా పోగుపడతాయి. వీటినే మొరెయిన్లు అంటారు. న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్ చాలావరకు అలాంటి గుట్టే. సెంట్రల్ పార్క్ బండల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. లూయీ అగాసీ 1837లో స్విట్జర్లాండ్‌లో మంచుయుగం గురించి మాట్లాడినప్పుడు ఆయన చేతిలో ఉన్న ఆధారాలు ఇలాంటివే. ఇంకా పాత మంచు గుర్తులు మన దగ్గరా ఉన్నాయి. సింగరేణి బొగ్గున్న గోదావరి లోయ పొరలకు అడుగున తాల్చేర్ పొరలుంటాయి. మెత్తటి బంకమట్టిలో పెద్ద పెద్ద గుండ్రాళ్లు కలగలిసి ఉండే ఆ పొరలు సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి హిమానీనదాలు వదిలినవి. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఆ సంగతి గుర్తించారు. మన నేల కూడా భాగంగా ఉన్న గోండ్వానా ఖండం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్న కాలం అది.

అసలు కష్టం మందంతోనే. గీతలు, గుట్టలు అంచు ఎక్కడుందో చెబుతాయి గానీ మధ్యలో ఎత్తు ఎంతో చెప్పవు. దానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

ఒకటి, మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన కొండలు. మంచు మందంగా ఉన్నప్పుడు ఎక్కడినుంచో మోసుకొచ్చిన రాళ్లను, మట్టం తగ్గుతున్నకొద్దీ కొండ పక్కల మీద వదిలేస్తూ దిగుతుంది. రాయి బయటపడ్డ రోజునుంచీ కాస్మిక్ కిరణాలు దానిలోని క్వార్ట్జ్‌ను తాకుతూ బెరీలియం-10 అనే ఐసోటోపును పుట్టిస్తాయి. దాన్ని లెక్కపెడితే రాయి ఎంతకాలంగా ఆకాశం కింద ఉందో తెలుస్తుంది. వేర్వేరు ఎత్తుల్లోని రాళ్లను ఇలా చూస్తే మంచు ఏ కాలంలో ఏ ఎత్తున ఉందో వరసగా బయటపడుతుంది. పశ్చిమ అంటార్కిటికాలోని ఫోర్డ్ పర్వతాల్లో చేసిన ఇలాంటి పని 2003లో అచ్చయింది. గత 10 వేల ఏళ్లలో అక్కడి తీరం దగ్గర మంచు 700 మీటర్లకు పైగా పలచబడిందని అందులో తేలింది.

రెండోది, భూమి లేవడం. కిలోమీటర్ల మందాన మంచు కూర్చుంటే కింద భూపటలం కుంగుతుంది, దాని కిందున్న మాంటిల్ అనే వేడి రాతి పొర పక్కలకు జరుగుతుంది. మంచు పోయాక అది మళ్లీ వెనక్కి రావడానికి వేల ఏళ్లు పడుతుంది. కెనడాలో హడ్సన్ అఖాతం చుట్టుపక్కల, స్వీడన్, ఫిన్లాండ్ మధ్య బోత్నియా సింధుశాఖ దగ్గర నేల ఇప్పటికీ ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు లేస్తోంది. జీపీఎస్ పెడితే కనిపిస్తుంది. స్వీడన్‌లోని హైకోస్ట్ ప్రాంతంలో ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఈనాటి మట్టానికి 286 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం అంత ఎత్తుకు ఎక్కలేదు, నేలే లేచింది. ఎక్కడ ఎంత లేచింది, ఎంత వేగంగా లేచింది అన్నది తెలిస్తే అక్కడ ఎంత బరువుండేదో వెనక్కి లెక్కకట్టొచ్చు. దీన్ని గ్లేషియల్ ఐసోస్టాటిక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. మేం పొట్టిగా జీఐఏ అంటాం, ఇకపై అలాగే రాస్తాను.

మూడోది సముద్రం. నేల మీద మంచుగా నిలిచిన నీళ్లు సముద్రంలోంచి వచ్చినవే కదా. కొన్ని రకాల పగడాలు నీటి పైమట్టానికి కొద్ది మీటర్ల లోపే పెరుగుతాయి. బార్బడోస్, తాహితీ తీరాల్లో లోతున మునిగిపోయిన పాత పగడాలను డ్రిల్లింగ్ చేసి తీసి, వాటి వయసు కడితే అప్పటి సముద్రమట్టం తెలుస్తుంది. మంచు గరిష్ఠంగా ఉన్న సుమారు 21 వేల ఏళ్ల కిందట సముద్రం ఈనాటికన్నా 120 నుంచి 130 మీటర్లు కిందికి ఉందని ఈ దారిలోనే తెలిసింది. సముద్రగర్భంలో దొరికే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల లెక్కా దీనికి తోడుంటుంది.

ఈ మూడూ ఒకదాన్నొకటి పరీక్షిస్తాయి. ఎప్పుడూ చక్కగా కలుస్తాయని కాదు. ఒక్కో ఖండం మీది మంచును విడిగా కూడితే చాలా పునర్నిర్మాణాల్లో మొత్తం, సముద్రం చెప్పే మొత్తానికన్నా, సముద్రమట్టం లెక్కలో చూస్తే, పది మీటర్లకు పైగా తక్కువ వస్తుంది. దీన్ని ‘కనిపించని మంచు’ సమస్య అంటారు. అలాంటి లోటు లేకుండానే లెక్క కుదురుతుందని 2021లో వచ్చిన ఒక పునర్నిర్మాణం వాదించింది. చర్చ ముగిసిందని నేను అనుకోవడం లేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోండి, చాలామంది దీన్ని కలిపేస్తారు. పాత మంచును పునర్నిర్మించే పద్ధతులు రెండున్నాయి. మొదటి దానిలో మంచు ఎలా కదులుతుందన్న భౌతికశాస్త్రం అంతగా ఉండదు. నేల లేచిన తీరుకు, పాత తీరరేఖలకు సరిపోయేలా బరువును పటం మీద సర్దుతారు. టొరంటోలో రిచర్డ్ పెల్టియర్ బృందం చేసిన ఐస్-5జీ, ఐస్-6జీ పటాలు ఈ కోవలోవి. రెండో దానిలో ఆనాటి వాతావరణాన్ని ఇన్‌పుట్‌గా ఇచ్చి, మంచు ఎలా పెరిగి ఎలా పారుతుందో మోడల్ చేతే లెక్క వేయిస్తారు. మొదటిది ఆధారాలకు బాగా సరిపోతుంది గానీ ఆ ఆకారంలో మంచు నిజంగా నిలబడగలదా అన్నది అడగదు. రెండోది నిలబడగల మంచునే ఇస్తుంది గానీ ఆధారాలకు దూరంగా పోతుంది. ఈ రెండింటినీ కలిపి, మోడల్‌ను వేలసార్లు నడిపి (ఒక్కోసారి నడపడాన్ని రన్ అంటాం), ఆధారాలకు దగ్గరగా వచ్చిన వాటికి ఎక్కువ విలువ ఇచ్చే పనే ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఇప్పుడు ఈనాటి మంచు సంగతి. 2002లో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు పైకెళ్లాయి. 2017 దాకా రెండూ సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. కింద ద్రవ్యరాశి ఎక్కువున్న చోటికి ముందుది చేరగానే కొంచెం ముందుకు లాగబడుతుంది, మధ్య దూరం మైక్రాన్ల స్థాయిలో మారుతుంది. ఆ మార్పును కొలిచి భూమి గురుత్వాకర్షణ పటాన్ని నెలనెలా గీసేవారు. మంచు పోతే ఆకర్షణ తగ్గుతుంది. అంటే ఇది ఒకరకంగా మొత్తం ఖండాన్నే తూచడం.

కానీ తక్కెడకు కింద మంచు వేరు, మాంటిల్ వేరు కాదు. మంచుయుగం నాటి బరువు పోయినందుకు అంటార్కిటికా కింద మాంటిల్ ఇంకా వెనక్కి వచ్చి చేరుతోంది. అదీ ద్రవ్యరాశే. పైన మంచు తగ్గుతుంటే కింద రాయి పెరుగుతోంది, ఉపగ్రహానికి తెలిసేది రెండిటి మొత్తం మాత్రమే. కాబట్టి రాయి వాటాను లెక్కగట్టి తీసేయాలి. ఆ వాటా ఎంతో తెలియాలంటే 20 వేల ఏళ్ల కిందట అక్కడ మంచు ఎంతుండేదో, ఎప్పుడు కరిగిందో తెలియాలి.

దీని ప్రభావం ఎంతటిదో చూడండి. 2006లో ఇసబెల్లా వెలికోన్యా, జాన్ వార్ ఇచ్చిన తొలి గ్రేస్ అంచనా ప్రకారం అంటార్కిటికా ఏడాదికి 152 ఘన కిలోమీటర్ల మంచు కోల్పోతోంది, అటూ ఇటూ 80. అంటే సుమారు 13,900 కోట్ల టన్నులు. ఆ 80లో అధిక భాగం కొలతలోని దోషం కాదు, జీఐఏ సవరణలోని సందేహం. ఆ తర్వాత ఫోర్డ్ పర్వతాల్లాంటి చోట్ల రాళ్ల వయసులు, సముద్రపు అడుగు ఆధారాలు పోగవుతూ వచ్చాయి. మంచుయుగంలో అంటార్కిటికా మీద అదనంగా ఉన్న మంచు మునుపు అనుకున్నంత లేదని తేలింది. పాత బరువు తక్కువైతే ఇప్పుడు వెనక్కి వచ్చే రాయీ తక్కువే, తీసేయాల్సిందీ తక్కువే. 2012లో మాట్ కింగ్ బృందం కొత్త జీఐఏతో లెక్క వేస్తే 2002–2010 కాలానికి ఏడాదికి 6,900 కోట్ల టన్నులు వచ్చింది, అటూ ఇటూ 1,800. రెండు పరిశోధనల కాలవ్యవధులు వేరు కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు. అయినా తేడాలో పెద్ద పాత్ర ఆ సవరణదే. కొండ పక్కన రాయి ఏరుకొచ్చిన భూవిజ్ఞాని పని, ఉపగ్రహం చెప్పే జవాబును మార్చేసింది. ఈ రంగం ఎలా నడుస్తుందో ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ ఉదంతమే.

గ్రేస్ ఒక్కదాన్నే నమ్ముకోవాల్సిన పని లేదు. మంచు ఉపరితలం ఎత్తును రాడార్‌తో, లేజర్‌తో కొలుస్తారు. 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2 సెకనుకు పది వేల లేజర్ పల్స్‌లు పంపుతుంది. దానికుండే ఇబ్బంది వేరు: ఎత్తు తగ్గితే మంచు కరిగినట్టా, పైనున్న గుల్ల మంచు అణిగినట్టా అన్నది విడిగా తేల్చుకోవాలి. మూడో పద్ధతిలో ఏటా కురిసే మంచును ఒకవైపు, తీరం దగ్గర సముద్రంలోకి పారే మంచును మరోవైపు వేసి తేడా చూస్తారు. పారే మంచు లెక్కకు వేగం, మందం రెండూ కావాలి. వేగాన్ని రాడార్ ఉపగ్రహాలు కొలుస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మోసుకెళ్లిన నైసార్ చేసే పనుల్లో ఇదీ ఒకటి. నాసా, ఇస్రో కలిసి చేసిన ఆ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటును చూస్తుంది. దాని రాడార్‌ను ఎడమవైపు చూసేలా పెట్టడం వల్ల అంటార్కిటికా బాగా కవరవుతుంది.

ఈ మూడు పద్ధతుల వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి జవాబులు పోల్చే ప్రాజెక్టు ఇంబీ. వాళ్ల 2023 లెక్కలో 1992–2020 మధ్య గ్రీన్‌లాండ్, అంటార్కిటికా కలిసి సుమారు 7.56 లక్షల కోట్ల టన్నుల మంచు కోల్పోయాయి. అందులో 4.89 లక్షల కోట్లు గ్రీన్‌లాండ్‌ది. సముద్రం మీద దాని ప్రభావం 21 మిల్లీమీటర్లు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు సూటి జవాబు ఇది: జరిగిపోయిన నష్టం కొలిచిందే, కాకపోతే కొలత లోపల మోడల్ ఉంది. జరగబోయేది పూర్తిగా మోడల్ పని.

మోడల్ లోపల ఏముందో చూద్దాం. మంచు గట్టి పదార్థంలా కనిపిస్తుంది గానీ వందల ఏళ్ల లెక్కలో చూస్తే పెనం మీద పోసిన దోసె పిండిలా తన బరువుకు తానే అంచులవైపు పరుచుకుంటుంది. ఎంత తేలిగ్గా పరుచుకుంటుందన్నది జాన్ గ్లెన్ కేంబ్రిడ్జ్‌లో మంచు ముక్కల మీద ఒత్తిడి పెట్టి కొలిచాడు. 1955 నాటి గ్లెన్ సూత్రం ప్రకారం ఒత్తిడి రెట్టింపైతే వంగే వేగం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. దీనికి ద్రవ్యరాశి నిత్యత్వం, ఉష్ణోగ్రత సమీకరణం కలిపితే మోడల్‌కు వెన్నెముక తయారైనట్టే.

ఇక తెలియనిదల్లా అడుగున ఉంటుంది. ముందు అడుగు నేల ఆకారమే తెలియాలి. 1960ల్లో కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాన్ ఎవాన్స్ మంచులోంచి దూరిపోయే రేడియో తరంగాలతో మందం కొలిచే పరికరం తయారుచేశాడు. అప్పటినుంచీ విమానాల మీద ఆ రాడార్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ కొలతలన్నీ కలిపిన బెడ్‌మ్యాప్ మూడో కూర్పు 2025లో వచ్చింది. అయినా గీతకూ గీతకూ మధ్య ఖాళీలున్నాయి. తూర్పు అంటార్కిటికాలో డెన్‌మన్ హిమానీనదం కింద సముద్రమట్టానికి 3,500 మీటర్ల లోతున లోయ ఉందని తెలిసింది 2019లోనే. లోయ లేదనుకుని మోడల్ నడిపితే ఆ హిమానీనదం భవిష్యత్తు వేరేలా వస్తుంది.

ఆకారం తెలిశాక జారుడు సంగతి. అడుగున మంచు నేలకు గడ్డకట్టి అంటుకుందా, నీటి పొర మీద జారుతోందా, తడి బురద మీద కూర్చుందా? కిలోమీటర్ల మంచు కింద దీన్ని నేరుగా కొలవలేం. అందుకని పైన ఉపగ్రహం కొలిచిన వేగం రావాలంటే కింద ఘర్షణ ఎంతుండాలో తలకిందులుగా లెక్కకడతాం. దీన్నే ఇన్వర్షన్ అంటాం. ఈ పద్ధతిలో ఈనాటి వేగాలు అచ్చుగుద్దినట్టు వస్తాయి. అలా వచ్చినంత మాత్రాన రేపటి ఘర్షణ కూడా ఇదే ఉంటుందని కాదు. మోడల్ పటం, కొలత పటం పక్కపక్కన పెట్టి ఎంత బాగా కలిసిందో చూడండి అని ఎవరైనా అంటే, కలిసేలా సర్దినదాన్నే చూపిస్తున్నారా అని అడగండి.

ఉష్ణోగ్రతా అంతే. మంచులోకి వేడి చాలా నెమ్మదిగా దిగుతుంది. గ్రీన్‌లాండ్ మధ్యలో తవ్విన బోరు రంధ్రంలో థర్మామీటరు దింపితే లోపల ఒకచోట పైనకన్నా చల్లగా ఉంటుంది. అది మంచుయుగం నాటి చలి, ఇంకా పోలేదు. చల్లటి మంచు గట్టిగా, వెచ్చటి మంచు మెత్తగా ఉంటుంది కాబట్టి ఈనాటి ప్రవాహం ఆనాటి వాతావరణం మీద ఆధారపడి ఉంది. అందుకే 2100 గురించి లెక్క వేసేముందు మోడల్‌ను లక్ష ఏళ్లకు పైగా వెనకనుంచి నడిపించుకొస్తాం. గతం లేనిదే వర్తమానం లేదని మొదట అన్నది ఇందుకు కూడా.

టెన్షన్ పెట్టే చోటు మరొకటుంది. మంచు నేలను వదిలి తేలడం మొదలయ్యే గీతను గ్రౌండింగ్ లైన్ అంటారు. పశ్చిమ అంటార్కిటికాలో నేల సముద్రమట్టానికి చాలా కింద ఉంది, పైగా లోపలికి పోయేకొద్దీ ఇంకా లోతవుతుంది. గీత వెనక్కి జరిగితే అక్కడ మంచు మందం ఎక్కువ, మందం పెరిగితే పారే మంచు ఇంకా ఎక్కువ, దాంతో గీత మరింత వెనక్కి. జాన్ మెర్సర్ 1978లోనే దీని గురించి హెచ్చరించాడు. నేలను మరీ పెద్ద గళ్లుగా విడగొట్టి లెక్క వేసే మోడల్ ఈ గీతను తప్పుగా కదుపుతుంది. అక్కడ కిలోమీటరుకన్నా చిన్న గళ్లు కావాలన్నది, మోడళ్లన్నిటికీ ఒకే పరీక్ష పెట్టి పోల్చాకే అందరికీ తెలిసొచ్చింది. దాదాపు 120 కిలోమీటర్ల వెడల్పున్న థ్వైట్స్ హిమానీనదం గురించి ఇంత ఆందోళన ఉన్నదీ ఇందుకే. అదొక్కటే పూర్తిగా పోతే సముద్రం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఊరటనిచ్చే సంగతి కూడా ఒకటుంది. ఆ ప్రాంతంలో నేల ఏడాదికి 41 మిల్లీమీటర్ల వేగంతో లేస్తోందని 2018లో తేలింది. కింద మాంటిల్ అక్కడ మెత్తగా ఉందన్నమాట. నేల లేస్తే గీత వెనక్కి జరగడం కొంత నెమ్మదించవచ్చు.

మరి మోడల్‌ను ఎంత నమ్మాలి? మంచు ఫలకాల మోడళ్లను పక్కపక్కన పెట్టి పోల్చే ఇస్మిప్6 ప్రాజెక్టు 2020 ఫలితాల్లో, ఉద్గారాలు బాగా ఎక్కువున్న పరిస్థితిలో 2100 నాటికి అంటార్కిటికా వల్ల సముద్రంలో మార్పు 7.8 సెంటీమీటర్ల తగ్గుదల నుంచి 30 సెంటీమీటర్ల పెరుగుదల దాకా ఉంది. తగ్గుదల ఎందుకంటే, గాలి వేడెక్కితే తేమ పెరిగి అక్కడ మంచు ఎక్కువ కురుస్తుంది. ఇంత వెడల్పు చూసి మోడళ్లు పనికిరావని అనకండి. సముద్రపు వేడి నీరు తేలే మంచు కిందికి ఎంత చేరుతుందన్నదే ఆ వెడల్పులో పెద్ద భాగం. ఎక్కడ కొలవాలో ఆ వెడల్పే చెబుతోంది.

మోడల్‌కు గట్టి పరీక్ష గతమే పెడుతుంది. 1,25,000 ఏళ్ల కిందట భూమి పారిశ్రామిక యుగానికి ముందుకన్నా 0.5 నుంచి 1.5 డిగ్రీలే వెచ్చగా ఉంది. సముద్రం మాత్రం ఈనాటికన్నా 5 నుంచి 10 మీటర్ల ఎత్తున ఉందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ 2021 నివేదిక అంచనా. ఏ మోడలైనా అంత మంచును పోగొట్టి చూపగలగాలి. రాబర్ట్ డికాంటో, డేవిడ్ పొలార్డ్ 2016లో మంచు గోడలు వాటంతటవే కూలిపోయే ప్రక్రియను చేర్చి, ఇలాంటి పాత మట్టాలకు సరిపోయిన రన్ల ఆధారంగా 2100కల్లా అంటార్కిటికా నుంచే మీటరుకు పైగా రావచ్చన్నారు. ఆ ప్రక్రియ లేకున్నా అవే పాత మట్టాలు వస్తాయని 2019లో మరో బృందం చూపించింది. అంటే పాత సాక్ష్యం ఇంకా పదునెక్కాలి.

అది ఎక్కుతోంది కూడా. గ్రీన్‌లాండ్‌లో అమెరికా సైన్యం కట్టిన క్యాంప్ సెంచరీలో 1966లో మంచును అడుగుదాకా, దాదాపు 1,390 మీటర్లు, తవ్వారు. అడుగున దొరికిన గడ్డకట్టిన మట్టి దశాబ్దాలపాటు ఫ్రీజర్లలో ఎవరూ పట్టించుకోకుండా ఉండిపోయింది. తర్వాత తీసి చూస్తే అందులో ఆకులు, కొమ్మల ముక్కలున్నాయి. ఆ మట్టికి చివరిసారి ఎండ తగిలింది సుమారు 4,16,000 ఏళ్ల కిందటని 2023లో తేలింది. అంటే అప్పట్లో అక్కడ మంచు లేదు. గ్రీన్‌లాండ్ మోడల్ చేసేవాళ్లందరూ ఇప్పుడు ఆ చోటును ఖాళీ చేసి చూపించాల్సిందే.

తీరప్రాంతాల వాళ్లకు ఒక మాట. మంచు ఫలకం తన చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. అది కరిగితే దగ్గర్లో నీటిమట్టం తగ్గి దూరాన ఎక్కువ పెరుగుతుంది. పశ్చిమ అంటార్కిటికా కరిగితే హిందూ మహాసముద్రంలో పెరుగుదల ప్రపంచ సగటును మించుతుంది. బంగాళాఖాతం ఒడ్డున ఉన్నవాళ్లు సగటు అంకె చూసి ఆగకూడదు.

చివరిగా మీ ఇంజనీరింగ్ ప్రశ్న. తప్పకుండా చోటుంది. మీరు చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతులే ఇక్కడి రోజువారీ పని. ఐఎస్ఎస్ఎం, పిజమ్, ఎల్మర్/ఐస్ మోడళ్లు మూడూ ఓపెన్ సోర్స్‌వే, బెడ్‌మ్యాప్ డేటా ఉచితంగా దొరుకుతుంది. మన దేశంలో గోవాలోని ఎన్‌సీపీఓఆర్ ధ్రువ పరిశోధనకు కేంద్రం. కానీ వెంటనే పెద్ద మోడల్ దింపుకోకండి. ముందు పైథాన్‌లో మీ అంతట మీరే చిన్న ప్రోగ్రాం రాయండి: చదునైన నేల మీద గుండ్రటి మంచు గుట్ట, షాలో ఐస్ అప్రాక్సిమేషన్ (వెడల్పుతో పోలిస్తే మంచు మందం చాలా తక్కువనుకుని లెక్కను సులువు చేయడం), గ్లెన్ సూత్రంలో ఘాతం 3, పైన మంచు కురవడం లేదు, కరగడం లేదు. దీనికి హాల్ఫార్ 1980ల మొదట్లో ఖచ్చితమైన గణిత పరిష్కారం ఇచ్చాడు. మీ గుట్ట పరుచుకునే తీరు దానితో కలవాలి, మొత్తం ఘనపరిమాణం మారకూడదు. అంచు దగ్గర తేడా వస్తుంది, అందరికీ వస్తుంది. గళ్లను సగానికి తగ్గిస్తూ పోయి ఆ తేడా ఎలా తగ్గుతోందో గ్రాఫ్ గీసి ఇక్కడ పెట్టండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.